1600 పరుగూ జిమ్మూ కలిపి చేస్తుంటే టైమింగ్ వెనక్కి పోతోంది – ఏది తగ్గించాలి?

ప్రశ్న (ఈవెంట్స్ అభ్యర్థి, అశోక్‌నగర్; కింద జవాబులిచ్చినవాళ్ళు మారుపేర్లతో రాశారు)

పోలీస్ కానిస్టేబుల్ ఉద్యోగానికి పెట్టే ఈవెంట్స్‌కి (పరుగు, జంప్, షాట్‌పుట్ పరీక్షలు) ప్రాక్టీస్ చేస్తున్నా. వయసు 23, ఎత్తు 172 సెంటీమీటర్లు, బరువు 68 కిలోలు. తెలంగాణ 2022 నోటిఫికేషన్ ప్రకారం మగవాళ్ళకి 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, లాంగ్ జంప్ 4 మీటర్లు, 7.26 కిలోల షాట్‌పుట్ 6 మీటర్లు. దాన్నే లెక్కలో పెట్టుకున్నా.

పొద్దున 5కి గ్రౌండ్. రెండు ల్యాప్‌లు (400 మీటర్ల చుట్లు) వార్మప్, తర్వాత 1600 ఫుల్ స్పీడ్‌లో టైమింగ్, ఆ వెంటనే ఇంకో 4 కిలోమీటర్లు. వారానికి ఆరు రోజులూ ఇంతే. సాయంత్రం జిమ్ ఆరు రోజులు, గంటంబావు చొప్పున. సోమవారం, గురువారం లెగ్స్: స్క్వాట్ 5 సెట్లు, లెగ్ ప్రెస్ 4, లెగ్ ఎక్స్‌టెన్షన్ 4, లంజెస్ 4. ప్రతి సెట్టూ ఇక లేవదు అన్నదాకా.

మొదట్లో 8:20 ఉన్న టైమింగ్ ఆరు వారాల్లో 7:24కి వచ్చింది. ఆ తర్వాత మూడు వారాలుగా 7:31, 7:36, నిన్న 7:40. జంప్ 4.15 నుంచి 3.85కి పడిపోయింది. షాట్‌పుట్ మాత్రం 6.20 దగ్గర నిలబడింది. పిక్కలు పొద్దున లేవగానే పట్టేసి ఉంటున్నాయి. నిద్ర లేచినప్పుడు నాడి ఇంతకుముందు 58 ఉండేది, ఇప్పుడు 66. గ్రౌండ్‌లో కొందరు జిమ్ మానెయ్ అంటున్నారు, జిమ్‌లో ట్రైనర్ పరుగు తగ్గించు అంటున్నాడు. రెండిట్లో ఏది మానాలి అన్నా?

ల్యాప్ టైమర్

తమ్ముడూ, ఏదీ మానక్కర్లేదు. మానాల్సింది రోజూ టైమింగ్ పెట్టుకోవడం. ఫుల్ స్పీడ్ 1600 అంటే అది పరీక్ష, ప్రాక్టీస్ కాదు. వారానికి ఆరు పరీక్షలు రాస్తే చదువుకునే రోజు ఎక్కడ మిగులుతుంది? పరుగు తీసినప్పుడు ఒళ్ళు అరుగుతుంది, పడుకున్నప్పుడు పుంజుకుంటుంది. ఆరు వారాలు నీ ఒళ్ళు ఎలాగో తట్టుకుంది, ఏడో వారం నుంచి తట్టుకోలేకపోతోంది. లెక్క అంతే.

ముందు పది రోజులు ప్రాక్టీస్ మోతాదు దించు. టైమింగ్ వద్దు, లెగ్ డే వద్దు. రోజు విడిచి రోజు అరగంట మెల్లగా పరుగెత్తు. మెల్లగా అంటే పక్కవాడితో పూర్తి వాక్యం మాట్లాడగలగాలి, రెండు మాటలకే ఊపిరి అందకపోతే అది మెల్లగా కాదు. నీ స్థాయికి కిలోమీటరుకి 6:20 నుంచి 7:00 మధ్య పడుతుంది. ఇంత మెల్లగా పరుగెత్తితే స్పీడు పోతుందని చాలామంది భయపడతారు. పోదు. గుండె బలం, కాలి కండల్లో సన్నని రక్తనాళాలు పెరిగేది ఎక్కువగా ఈ పరుగులోనే.

ఇక స్పీడు సంగతి. 7:15ని నాలుగు ల్యాప్‌లకి పంచితే 400 మీటర్లకి 1:48 పైచిలుకు, 100 మీటర్లకి 27 సెకన్లు. గ్రౌండ్‌లో ఎక్కువమంది మొదటి ల్యాప్ 1:32, 1:35కి లాగేసి, మూడో ల్యాప్‌కి వచ్చేసరికి 2:00 దాటిపోతారు. నీ కాళ్ళకి 1:48 అంటే ఎంతో అలవాటు కావాలి. అందుకు వారంలో ఒక్కరోజు ఇంటర్వెల్స్ చాలు: 15 నిమిషాలు మెల్లగా, 80 మీటర్ల స్ట్రైడ్‌లు (ఫుల్ స్పీడ్ కాకుండా, పెద్ద అంగలతో వేగంగా) నాలుగు, తర్వాత 400 మీటర్లు ఆరుసార్లు. ఒక్కోటీ 1:46–1:48. మధ్యలో 2 నిమిషాలు నడక. ఏదైనా ఒకటి మొదటిదాని కంటే 3 సెకన్లకి మించి ఆలస్యమైతే ఆ రోజుకి ఆపెయ్. మూడు వారాలు ఆరూ సమంగా వచ్చాక స్పీడు పెంచొద్దు, రెస్ట్ 90 సెకన్లకి తగ్గించు.

ఇంకో రోజు టెంపో: 8 నిమిషాలు ఒకే వేగం, 3 నిమిషాలు జాగింగ్, మళ్ళీ 8 నిమిషాలు. ల్యాప్ 2:10–2:15. కష్టంగా ఉండాలి గానీ ఒగర్చకూడదు.

వారం ఇలా కూర్చు:

సోమవారం పొద్దున ఇంటర్వెల్స్, సాయంత్రం కాళ్ళ బరువులు. మంగళవారం 35 నిమిషాలు మెల్లటి పరుగు, ఇంకేమీ లేదు. బుధవారం పరుగు లేదు, జిమ్‌లో పైభాగం. గురువారం పొద్దున జంప్, షాట్‌పుట్, 60 మీటర్ల స్ప్రింట్‌లు ఐదు. సాయంత్రం కాళ్ళు, కానీ సోమవారంలో సగం. శుక్రవారం పూర్తి సెలవు. శనివారం టెంపో, సాయంత్రం పైభాగం. ఆదివారం 45 నిమిషాలు మెల్లగా.

కష్టమైనవి రెండూ ఒకే రోజు ఎందుకు అని అడుగుతావు. సోమవారం పరుగు, మంగళవారం లెగ్స్, బుధవారం మళ్ళీ పరుగు అని విడదీస్తే కాళ్ళకి ఒక్కరోజు కూడా తేరుకునే వీలుండదు. ఒకేరోజు రెండూ ముగిస్తే ఆ తర్వాత ఒకటిన్నర, రెండు రోజులు కాళ్ళు ఖాళీ. 1600 ఫుల్ టైమింగ్ మూడు వారాలకోసారి, శుక్రవారం సెలవు తర్వాత శనివారం పొద్దున, టెంపో బదులు.

బార్‌బెల్ 20 కిలోలు

పైన చెప్పిన వారం బాగుంది. జిమ్ వైపు నుంచి కొన్ని కలుపుతా.

నీ మూడు అంకెల్లో అసలు కథ చెప్పేది జంప్. షాట్‌పుట్ నిలబడి జంప్ 30 సెంటీమీటర్లు పడిందంటే బలం పోలేదు, కాళ్ళలో చురుకు పోయింది. పరుగునీ బరువుల్నీ కలిపినప్పుడు మొదట దెబ్బతినేది ఆ విసురే. 1980లో రాబర్ట్ హిక్సన్ పది వారాల ప్రయోగం చేశాడు: ఒక గుంపు బరువులు మాత్రమే, ఒకటి ఓర్పు వ్యాయామం మాత్రమే, మూడోది రెండూ. రెండూ చేసినవాళ్ళకి ఊపిరి సామర్థ్యం బాగానే పెరిగింది. కాళ్ళ బలం మాత్రం ఆరేడు వారాలు పెరిగి, అక్కడ ఆగి, చివరి రెండు వారాల్లో తగ్గింది. నీ తొమ్మిది వారాలూ అలాగే నడిచాయి చూడు. అయితే ఆ ప్రయోగంలో వాళ్ళు వారానికి ఐదు రోజులు బరువులు, ఆరు రోజులు ఓర్పు వ్యాయామం గట్టిగా చేశారు. మోతాదు తగ్గించి చేసిన తర్వాతి పరిశోధనల్లో బలానికీ కండకీ పెద్దగా నష్టం కనబడలేదు. కాబట్టి రెండూ ఒకదానికొకటి శత్రువులని అనుకోకు. గొడవంతా మోతాదుతోనూ వరసతోనూ.

సోమవారం కాళ్ళు: ముందు నిలబడి దూకే జంప్ 4 సెట్లు, సెట్‌కి 3, ప్రతి జంప్ మధ్య ఊపిరి తీసుకుని. తర్వాత స్క్వాట్ 5 చొప్పున 3 సెట్లు, రొమేనియన్ డెడ్‌లిఫ్ట్ (మోకాళ్ళు కొద్దిగా వంచి, తుంటి దగ్గర వంగి బార్ లేపడం) 6 చొప్పున 3, నిలబడి పిక్కల రెయిజ్ 12 చొప్పున 3. సెట్ల మధ్య 2–3 నిమిషాలు. ప్రతి సెట్టూ ఇంకో రెండు లేపగలను అన్నచోట ఆపాలి. లెగ్ ప్రెస్, ఎక్స్‌టెన్షన్, లంజెస్ తీసెయ్. నువ్వు ఇప్పుడు ఒక్క లెగ్ డేకి 17 సెట్లు, అన్నీ చివరంటా లాగి చేస్తున్నావు. ఆఖరి రెండు రెప్స్ ఇచ్చే లాభం కొంచెమే, వాటివల్ల వచ్చే నొప్పి మాత్రం 48 గంటలు ఉంటుంది. లంజెస్‌లో కండ సాగుతూ బరువు మోస్తుంది కాబట్టి ఆ నొప్పి ఇంకా ఎక్కువ.

గురువారం స్క్వాట్ 3 చొప్పున 3 సెట్లు, సోమవారం బరువులో 80 శాతంతో, లేచేటప్పుడు వీలైనంత వేగంగా. పిక్కలు 2 సెట్లు. అంతే, ఇంటికి.

పైభాగంలో పుష్ ప్రెస్ తప్పకుండా పెట్టు, 4 చొప్పున 4 సెట్లు. మోకాళ్ళు కొద్దిగా వంచి, ఆ ఊపుతో బార్ తలపైకి పంపడం షాట్‌పుట్‌కి దగ్గరి కదలిక. బెంచ్, రోయింగ్, పుల్‌అప్స్ మూడేసి సెట్లు.

స్క్వాట్ బరువు వారానికి 2.5 కిలోలకి మించి పెంచకు. ప్రతి నాలుగో వారం సెట్లు సగానికి దించు, బార్ మీద బరువు అలాగే ఉంచు. పొద్దున పరుగుకీ సాయంత్రం జిమ్‌కీ మధ్య కనీసం ఆరు గంటలు ఉండాలి. ఎప్పుడైనా రెండూ ఒకే పూట చేయాల్సి వస్తే ముందు బరువులు, తర్వాత మెల్లటి పరుగు. ఇంటర్వెల్స్ రోజు మాత్రం పరుగే ముందు.

ఈవెంట్స్ అభ్యర్థి

థాంక్స్ అన్నా. ఇంకో రెండు విషయాలు చెప్పలేదు. రాత్రి 11:30 దాకా చదువు, 4:30కి లేవడం. హాస్టల్ తిండి: పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం పప్పు, రాత్రి అన్నం కూర, వారానికి రెండుసార్లు గుడ్డు. రెండు నెలల్లో 3 కిలోలు తగ్గాను. కుడి కాలి ముందు ఎముక దగ్గర కూడా కొంచెం నొప్పి ఉంది. షిన్ పెయిన్ అనుకుని ఐస్ పెడుతున్నా.

ఫిజియో

నిద్ర ఐదు గంటలు, బరువు 3 కిలోలు తగ్గింది, షిన్ నొప్పి. ఇవే ముందు రాయాల్సినవి బ్రదర్.

ముందు ఎముక సంగతి చూద్దాం. మోకాలి కింద, కాలి లోపలివైపు ఎముక అంచు వెంబడి వేలితో నొక్కుకుంటూ రా. నాలుగైదు వేళ్ళ వెడల్పున, పొడుగ్గా నొప్పి ఉండి, వార్మప్ అయ్యాక తగ్గుతుంటే అది మామూలు షిన్ నొప్పి. పరుగు తగ్గించి, తారు రోడ్డు వదిలి మట్టి ట్రాక్ మీదికి వచ్చి, పిక్కల బలం పెంచితే కుదురుకుంటుంది. అలా కాక ఒకే చోట, వేలి కొన మోపినంత మేర జివ్వుమంటే, ఆ కాలి మీద ఒంటికాలితో గెంతితే నొప్పి పుడితే, రాత్రి పడుకున్నా సలిపితే, ఎముకలో సన్న చీలిక అయ్యుండొచ్చు. అలాంటప్పుడు ఒక్క ల్యాప్ కూడా వద్దు, ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్ళు. మొదటి రెండు మూడు వారాల్లో ఎక్స్‌రేలో ఇది కనబడకపోవచ్చు, ఎక్స్‌రే బాగుందని పరుగు మొదలెట్టి పూర్తిగా విరగ్గొట్టుకునేవాళ్ళున్నారు. అనుమానం తీరాలంటే ఎమ్‌ఆర్‌ఐ.

ఇక ఎంత చేస్తున్నావో కొలిచే తేలిక పద్ధతి ఒకటుంది. ప్రతి సెషన్ అయిన అరగంటకి, అది ఎంత కష్టమనిపించిందో 10కి మార్కు వెయ్. నిమిషాలతో గుణించు. నీ పాత వారం: పరుగు 50 నిమిషాలు, కష్టం 8, ఆరు రోజులు – 2400. జిమ్ 75 నిమిషాలు, కష్టం 7, ఆరు రోజులు – 3150. మొత్తం 5550. పైన ఇద్దరూ చెప్పిన వారాన్ని అలాగే లెక్కేస్తే 2500 దగ్గర తేలుతుంది. సగం కూడా లేదు. అక్కడి నుంచి వారానికి పది శాతం లోపు పెంచుకుంటూ వెళ్ళు, 3200 దాటనివ్వకు.

నాడి పట్టుకోవడం మంచి అలవాటే, కానీ ఒక్కరోజు అంకె చూసి బెదరొద్దు. లేవగానే, మంచం దిగకముందే, పూర్తి నిమిషం లెక్కపెట్టు. ఏడు రోజుల సగటు రాసుకో. ఆ సగటు కంటే 7 పైన వరసగా మూడు రోజులుంటే ఆ రోజు ఇంటర్వెల్స్ మెల్లటి పరుగుగా మార్చు. జ్వరం వచ్చేముందూ, నీళ్ళు తక్కువైనా, నిద్ర చాలకపోయినా నాడి పెరుగుతుంది. అందుకే నాడితో పాటు నిద్ర గంటలూ బరువూ ఒకే నోట్‌బుక్‌లో ఉండాలి.

ఆ పది రోజులు దించాక టైమింగ్ మళ్ళీ 7:25కి వస్తే నీకు జరిగింది అలసట పేరుకుపోవడం మాత్రమే. నెల దాటినా ఒళ్ళు లేవకపోతే, ఆకలి, నిద్ర, ఉత్సాహం మూడూ పోతే, అసలైన ఓవర్‌ట్రైనింగ్ అనుకోవాలి. దాన్నుంచి బయటపడటానికి నెలలు పడుతుంది. ఆ లోపు రక్తపరీక్షలు చేయించు: హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), థైరాయిడ్, విటమిన్ డి. రక్తహీనతని ఓవర్‌ట్రైనింగ్ అనుకుని రెస్ట్ తీసుకుంటూ కూర్చుంటే ఏమీ మారదు.

ఇంకొక్కటి, అందరికీ. సెలవు తర్వాత ఒక్కసారిగా భారీ లెగ్ డే చేసినప్పుడు తొడలు ఉబ్బి, మూత్రం కోలా రంగులో వస్తే అదే పూట ఆసుపత్రికి వెళ్ళండి. కండ కరిగి కిడ్నీల మీద పడే పరిస్థితి అది. ఎండాకాలంలో ముప్పు ఇంకా ఎక్కువ.

న్యూట్రిషన్ చదివినవాడు

హాస్టల్ తిండితోనే లెక్క చెప్తాను, పౌడర్ డబ్బాలు అక్కర్లేదు. 68 కిలోలకి, కిలోకి 1.6 గ్రాములు వేసుకుంటే రోజుకి 109 గ్రాముల ప్రోటీన్. గుడ్లు నాలుగు 24. ఎండు మీల్‌మేకర్ 40 గ్రాములు, నానబెట్టి పిండి కూరలో కలిపితే 20. రోజంతా తినే అన్నం బియ్యం లెక్కన 300 గ్రాములైతే అందులోనే 20. పప్పు, కందిపప్పు 60 గ్రాముల లెక్కన 13. పాలు 400 మిల్లీలీటర్లు 13. పెరుగు 300 గ్రాములు 10. పల్లీలు గుప్పెడున్నర, 40 గ్రాములు, 10. మొత్తం 110. గుడ్లు, మీల్‌మేకర్, పల్లీలు గదిలో ఒక ఎలక్ట్రిక్ కెటిల్ ఉంటే ఉడికిపోతాయి, హాస్టల్ వాళ్ళు ఒప్పుకుంటే.

కానీ నీ అసలు లోటు ప్రోటీన్ కంటే మొత్తం తిండిది. రెండు నెలల్లో 3 కిలోలు తగ్గడమంటే రోజూ అప్పు చేసి పరుగెత్తుతున్నావన్నమాట. సన్నబడాలని రాత్రి అన్నం మానేసేవాళ్ళకి పొద్దున ఇంటర్వెల్స్‌లో నాలుగో 400కే కాళ్ళు బరువెక్కుతాయి, కండల్లో నిల్వ ఉండే చక్కెర లేక. ఆదివారం రాత్రి అన్నం ఒక గరిట ఎక్కువే తిను. సోమవారం లేవగానే ఒక అరటిపండు, సగం గ్లాసు నీళ్ళు. పరుగయ్యాక గంటలోపు టిఫిన్: నాలుగు ఇడ్లీలు, రెండు గుడ్లు, ఒక గ్లాసు పాలు. బరువు వారానికోసారి, ఒకే రోజు, పొద్దున ఖాళీ కడుపుతో చూసుకో. మళ్ళీ పావుకిలోకి మించి తగ్గితే రోజూ ఇంకో 300 కేలరీలు కలుపు. రెండు చపాతీలు, ఒక అరటిపండు అంటే దాదాపు అంతే.

టీ భోజనంతో పాటు వద్దు, గంట ఎడం ఉంచు. తిండిలోని ఐరన్ ఒంటికి పట్టకుండా చేస్తుంది. సాయంత్రం జిమ్‌కి ముందు కాఫీ, ప్రీ వర్కవుట్ పౌడర్ తాగితే రాత్రి 11 దాకా నిద్ర రాదు. ఆ తర్వాత చదువు పెరిగిందని సంబరపడతాం, పొద్దున నాడి 66 చూపిస్తుంది. చదువుని పడుకునేముందు రెండు గంటలు తగ్గించి మధ్యాహ్నానికి జరుపు. రాత్రి 10కి పడుకుంటే 5కి లేచినా ఏడు గంటలు. మధ్యాహ్నం 25 నిమిషాల కునుకు కలుపు. 6 గంటల కంటే తక్కువ పడుకున్న మర్నాడు ఇంటర్వెల్స్ చేయకు, వాటిని తర్వాతి రోజుకి జరుపు.

మరో అభ్యర్థి (మహిళల విభాగం)

అదే 2022 నోటిఫికేషన్‌లో మాకు 800 మీటర్లు 5:20, లాంగ్ జంప్ 2.5, 4 కిలోల షాట్‌పుట్ 4 మీటర్లు. ఇదే వారం మాకూ పనికొస్తుందా? జిమ్ మొదలెట్టాక మూడు నెలలుగా పీరియడ్స్ రావట్లేదు. బాగా ప్రాక్టీస్ చేస్తే అలా అవుతుందని గ్రౌండ్‌లో చెప్పారు.

ఫిజియో

అది బాగా ప్రాక్టీస్ చేసిన గుర్తు కాదు అక్కా, ఒంటికి తిండి చాలట్లేదన్న గుర్తు కావచ్చు. మూడు నెలలు ఆగాయంటే గైనకాలజిస్ట్‌ని కలవండి, వేరే కారణాలూ చూస్తారు. అంతదాకా ఇంటర్వెల్స్ ఆపి, మెల్లటి పరుగు, తేలిక బరువులు చాలు. ఇలాంటప్పుడు ఎముకలు పలచబడతాయి, చీలికలు వచ్చేది కూడా అప్పుడే. తిండి పెంచడం ఈరోజు నుంచే మొదలెట్టండి.

ల్యాప్ టైమర్

అక్కా, డాక్టర్ సరే అన్నాక వారం అదే, దూరాలే మారతాయి. 5:20 అంటే 400కి 2:40. ఇంటర్వెల్స్ 200 మీటర్లు ఎనిమిది, ఒక్కోటీ 1:16–1:18, మధ్యలో 90 సెకన్లు నడక. టెంపో 6 నిమిషాలవి రెండు.

తమ్ముడూ, నీకు చివరి రెండు వారాల సంగతి కూడా చెప్తా, అక్కడ చాలామంది చెడగొట్టుకుంటారు. ఆఖరి ఫుల్ టైమింగ్ ఈవెంట్స్‌కి 12 రోజుల ముందు. ఆ రోజు 1600 అయ్యాక ఓ 40 నిమిషాలు ఆగి జంప్, షాట్‌పుట్ కూడా చెయ్, ఎందుకంటే అసలు రోజున అలసిన కాళ్ళతోనే దూకాలి. భారీ స్క్వాట్ ఆఖరుసారి 8 రోజుల ముందు. ఆ తర్వాత 400లు ఆరు కాదు, మూడే, అదే వేగంతో. మూడు రోజుల ముందు నుంచి జిమ్ లేదు. ముందురోజు 15 నిమిషాలు జాగింగ్, రెండు స్ట్రైడ్‌లు, అంతే. ఆ వారం కాళ్ళు ఖాళీగా ఉన్నట్టు, ఏదో చెయ్యాలన్నట్టు అనిపిస్తుంది. అనిపించనీ, చెయ్యకు.

గన్ పేలాక గుంపు అంతా ముందుకి దూకుతుంది, నువ్వు వెంటపడకు. మొదటి 200 దగ్గర వాచ్ చూడు. 52 కంటే తక్కువ చూపిస్తే అక్కడే తగ్గు, 54 అయితే నువ్వు సరిగ్గా ఉన్నావు. మూడో ల్యాప్‌లో ముందున్నవాళ్ళు సగంమంది నీ వెనక్కి వస్తారు, ఆ ల్యాప్‌కే బలం దాచుకో.